మొదటి నెల మమ్మల్ని నిలబడనివ్వండి: జిమ్ యజమానులకు, ట్రైనర్లకు బహిరంగ లేఖ

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో జిమ్‌లు నడుపుతున్న యజమానులకు, వాటిలో పనిచేస్తున్న ట్రైనర్లకు,

నమస్కారం.

నేను నెల్లూరులో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాని. వయసు 43. పదిహేడేళ్లుగా పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే రాత్రి ఏడింటికి లేస్తున్నాను. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు తగ్గకపోగా, ఏటా రెండు మూడు కిలోలు కలుస్తూ వచ్చింది. ఈ సంక్రాంతి నాటికి 113 కిలోలు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. డాక్టరు గట్టిగా చెప్పాక ఒక జిమ్‌లో చేరాను. అక్కడ జరిగినదాని గురించి ఆ జిమ్‌కు రెండు ఉత్తరాలు రాశాను. రెండిటికీ జవాబు లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. ఆ జిమ్ పేరు రాయడం లేదు. ఇలాంటిదే తమకూ వేరే వేరే చోట్ల జరిగిందని నాకు చెప్పినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

సంవత్సరం ఫీజు తొమ్మిది వేలు ఒకేసారి కట్టించుకున్నారు. నెలనెలా కడతానంటే "ఆఫర్ ఈ రోజుతో అయిపోతుంది మేడం" అన్నారు. బరువు చూసే మిషను కౌంటరు పక్కన, వచ్చేపోయే దారిలోనే ఉంది. ఎక్కాను. ఒక కుర్రాడు వంగి చూసి, అవతల రిజిస్టరు రాస్తున్న ఇంకో కుర్రాడికి వినపడేలా "నూట పదమూడు పాయింట్ నాలుగు" అని కేకేశాడు. అద్దం ముందు డంబెల్స్ ఎత్తుతున్న ముగ్గురు తల తిప్పి చూశారు. మా మిల్లుకు సీజన్లో రోజుకు ఇరవై లారీల వడ్లు వస్తాయి. కాటా మీద లారీ తూగాక చీటీ మడిచి డ్రైవరు చేతికిస్తాం. ఆ అంకె పార్టీకీ మాకూ తప్ప మూడో మనిషికి చెప్పం. వడ్ల బస్తాకు దక్కే మర్యాద ఆ పూట నాకు దక్కలేదు.

తర్వాత ట్రైనర్ వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. మంచి పిల్లవాడే, మాటలో ఎక్కడా తేడా లేదు. కానీ షుగరు ఉందా, బీపీ ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు, మోకాళ్లెలా ఉన్నాయి అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు నడిపించాడు. తర్వాత స్టార్ జంప్‌లు, అంటే చేతులు, కాళ్లు చాపి గెంతడం. ఆ తర్వాత స్క్వాట్లు, అంటే మన పాత బస్కీలే. "ఇరవై చొప్పున అయిదు సెట్లు అక్కా. మొదటి రోజు గట్టిగా చేస్తే బాడీ దారికొస్తుంది" అన్నాడు. మూడో సెట్‌కే కాళ్లు వణికాయి. ఆగుతానంటే "ఇంకో పదే అక్కా, ఆపొద్దు" అన్నాడు. చుట్టూ అందరూ చూస్తున్నారు. సిగ్గుతో ఆపలేకపోయాను. వంద పూర్తి చేశాను.

మర్నాడు మంచం దిగలేకపోయాను. కొత్తలో నొప్పులు మామూలేలే అన్నారు అందరూ. మూడో రోజు తొడలు రెండూ వాచి చర్మం బిగుసుకుపోయింది. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. అది చెప్పేసరికి మా ఆయన ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తపరీక్ష చూశాక డాక్టరుగారు వివరంగా చెప్పారు. అలవాటు లేని కండరాలను ఒక్కసారిగా అతిగా వాడితే వాటి పోగులు చితికిపోతాయి, లోపలి పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది, దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే డయాలసిస్ దాకా పోయే ప్రమాదం ఉండేదన్నారు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. పది రోజుల జీతం పోయింది.

కోలుకున్నాక జిమ్‌కు వెళ్లి నేను డబ్బు కూడా వాపసు అడగలేదు. మూడు నెలలు ఆపి, ఆ తర్వాత కొనసాగించుకోనివ్వమన్నాను. రసీదు వెనక సన్న అక్షరాలు చూపించి కుదరదన్నారు. ఫిబ్రవరిలో ఒక ఉత్తరం కౌంటరులో ఇచ్చాను. మార్చిలో ఇంకొకటి స్పీడ్ పోస్టులో పంపాను, అందినట్టు రుజువు నా దగ్గరుంది. ఇప్పటిదాకా ఒక ఫోన్ కూడా రాలేదు.

ఇది నా ఒక్కదాని గోడైతే ఇంట్లోనే చెప్పుకునేదాన్ని. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 36 మంది, మగవాళ్లలో నూటికి 31 మంది అధిక బరువు ఉన్నవాళ్లే. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత, బీఎంఐ, 25 దాటినవాళ్ల లెక్క ఇది. మన దేశస్థులకు 23 నుంచే జాగ్రత్తపడాలని ఇక్కడి డాక్టర్లు చెబుతారు, ఆ లెక్కన సంఖ్య ఇంకా పెరుగుతుంది. వీళ్లందరికీ ప్రతి డాక్టరూ చెప్పే మాట ఒకటే: ఒళ్లు కదిలించండి. ఆ మాట విని, ఎన్నాళ్లో తటపటాయించి, చివరికి ధైర్యం చేసి మీ గుమ్మం ఎక్కుతాం. మొదటి వారంలో మానేస్తే "బద్ధకం, వీళ్లు మారరు" అంటారు. మానేసిన వాళ్లని ఎందుకు మానేశారని మీలో ఎంతమంది ఫోన్ చేసి అడిగారు? నేను అడిగాను. ఒకామెకు సైకిల్ సీటు ఒరుసుకుని తొడల మధ్య పుండు పడింది, మగ ట్రైనర్‌కు చెప్పుకోలేక మానేసింది. కావలి కుర్రాడొకడు ట్రెడ్‌మిల్ మీద ఆయాసపడుతుంటే ఎవరో తీసిన వీడియో స్టేటస్‌లో తిరిగింది. ఆ పిల్లవాడు ఇప్పుడు సాయంత్రాలు బయటికి రావడమే తగ్గించాడు. రిటైరైన మాస్టారు ఒకాయన మోకాలు వాచి, ఇక నడక కూడా వద్దనుకుని కూర్చున్నారు. బద్ధకమే ఉంటే వీళ్లు ముగ్గురూ అసలు ఫీజు కట్టేవాళ్లు కాదు.

మరి చేయాల్సింది ఏమిటంటారా, అదీ నాకు నెల్లూరులోనే తెలిసింది. మార్చిలో డాక్టరుగారి సలహాతో వి.ఆర్.సి. గ్రౌండులో తెల్లవారుజామున నడవడం మొదలుపెట్టాను. మొదటి వారం రోజుకు ఎనిమిది నిమిషాలు. ఏప్రిల్ చివర్లో, ఎండ ముదిరాక, పొదలకూరు రోడ్డు వైపు ఒక చిన్న జిమ్‌కు వెళ్లాను. అక్కడి ట్రైనర్‌కు యాభై దాటాయి. నన్ను మిషను ఎక్కమనలేదు. ముందు కూర్చోబెట్టి పావుగంట మాట్లాడారు, మందుల చీటీ చూశారు. తర్వాత చేతుల్లేని ఒక గట్టి కుర్చీ తెచ్చి వెనక కాళ్లు గోడకు ఆనించారు. తన రెండు చేతుల బరువూ దాని మీద వేసి అటూ ఇటూ ఊపి చూశారు, జరగలేదు. సీటు మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచారు. "కూర్చోండమ్మా. ఇప్పుడు చేతులు తొడల మీద పెట్టుకునే లేవండి. ఎనిమిదిసార్లు చాలు" అన్నారు. ఎనిమిదీ అయ్యాయి. రెండు నిమిషాలు ఆగమని, మళ్లీ ఎనిమిది. మూడోసారి ఆరు అయ్యేసరికి నా ముఖం చూసి ఆయనే ఆపేశారు. ఒక పాత డైరీలో 8, 8, 6 అని రాసి, "ఇంకా రెండు చేయగలననిపించినప్పుడే ఆపెయ్యాల. అప్పుడే రేపు మళ్లీ వస్తారు" అన్నారు. నేను మర్నాడు కూడా వెళ్లాను. మూడు వారాలకు దిండు తీసేశారు.

ఇప్పుడు నా బరువు 105. పెద్ద తగ్గుదల కాదని తెలుసు. మూడు నెలల సగటు చూపే షుగరు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, 8.2 నుంచి 7.1కి వచ్చింది. మిల్లు మేడమెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధన గురించి మా డాక్టరుగారు చెప్పారు. షుగరు అంచున ఉన్నవాళ్లు తిండి, నడక మార్చుకుంటే, బరువు పెద్దగా తగ్గకపోయినా, మూడేళ్లలో షుగరు వచ్చే ప్రమాదం 28 శాతం తగ్గిందట. అంటే కాటా మీద అంకె కదలని రోజుల్లో కూడా ఒంట్లో మేలు జరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క మాట జిమ్‌లో చేరిన రోజు ఎవరైనా చెప్పి ఉంటే నేను వంద బస్కీల దాకా వెళ్లేదాన్ని కాదు.

మీకు మా విన్నపాలు ఇవి.

1. చేర్చుకునే ముందు అడగండి. కెనడాలో 1970లలో తయారైన పార్-క్యూ అనే ఏడు ప్రశ్నల కాగితం ఉంది, ప్రపంచమంతా వాడుతున్నారు. గుండె జబ్బు, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, కీళ్ల బాధ, మందులు, ఇలాంటివి అడుగుతుంది. దేనికైనా అవునంటే ముందు డాక్టరును కలవమంటుంది. దాన్ని తెలుగులో అచ్చు వేయించడానికి ఎంతవుతుంది? మందుల సంగతి మరీ ముఖ్యం. ఇన్సులిన్‌గానీ, షుగరును బాగా దించే కొన్ని రకాల మాత్రలుగానీ వాడేవాళ్లకు వ్యాయామం మధ్యలో షుగరు పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే అది అలసట అనుకుని "ఇంకో పది" అనకండి, గ్లూకోజ్ ఇవ్వండి. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. వాళ్ల విషయంలో వాచీలో గుండె లెక్క చూసి "మీరు అసలు కష్టపడటం లేదు" అంటే పొరపాటు. పక్క మనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. కొత్తవాళ్లకు ఆ కొలత చాలు.

2. తూకం మిషను కౌంటరు దగ్గర నుంచి తీసి తలుపున్న గదిలో పెట్టండి. అంకె పైకి చదవొద్దు. బరువు చూసుకోవడం ఇష్టం లేదంటే బలవంతం చేయొద్దు. నడుము చుట్టుకొలత, ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచారు, ఎన్ని నిమిషాలు నడిచారు, ఇవి రాసినా పెరుగుదల తెలుస్తుంది.

3. మొదటి నెలకు వేరే పద్ధతి పెట్టండి. ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైన విన్నపం ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. 63 కిలోల మనిషి బస్కీ తీయడం వేరు, నేను తీయడం వేరు. అతని నడుముకు 50 కిలోల బస్తా కట్టి వంద బస్కీలు తీయమంటే మీరే వద్దంటారు. నాకు ఆ బస్తా ఎప్పుడూ కట్టే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న లావుపాటి వాళ్ల మీద చేసిన పరిశోధనలో, ఒక కిలో బరువు తగ్గితే మోకాలి మీద అడుగడుక్కీ సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేలింది. దాన్ని తిరగేసి ఆలోచించండి. మా చేత గెంతించే ప్రతి గెంతు మోకాలికి ఎంత పడుతుందో తెలుస్తుంది. అందుకని మొదటి నెల గెంతులు వద్దు, పరుగు వద్దు. కుర్చీలోంచి లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, కూర్చుని రబ్బరు బ్యాండు లాగడం, వెనక్కి ఆనుకునే సైకిలు, మెల్లని నడక, ఇవి చాలు. నేల మీద పడుకుని చేసేవి మొదట్లో పెట్టకండి. నేల మీంచి లేవడమే మాలో చాలామందికి పెద్ద కష్టం, నలుగురి ముందు లేవలేక అవస్థపడిన మనిషి మళ్లీ రాదు. రోజు విడిచి రోజు చేయించండి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని కల్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది చేరుకోవాల్సిన గమ్యం, మొదటి వారమే మోయాల్సిన బరువు కాదు. కొంచెం చేసినా అసలు చేయకపోవడం కన్నా మేలని ఆ సంస్థే చెప్పింది. ఇంకొక మాట: కొత్తగా చేరినవాళ్లకు మూత్రం ముదురు రంగులో వస్తే, కండరం వాచి గట్టిపడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మొదటి రోజే చెప్పండి. నాకు ఎవరూ చెప్పలేదు.

4. ప్రతి మిషను మీద అది ఎంత బరువు మోస్తుందో తెలుగులో కనపడేలా రాసిపెట్టండి. కంపెనీ వాళ్లు కాగితాల్లో ఇస్తారు. వంద కిలోల దగ్గరే ఆగిపోయే ట్రెడ్‌మిల్లులు ఉన్నాయి. బెల్టు కింద మోటారు మూలుగుతుంటే మేం లోలోపల ఎంత టెన్షన్ పడతామో బయటికి కనపడదు. వెడల్పు సీటున్న సైకిలు ఒక్కటి కొనండి.

5. ఆడవాళ్లకు ఒక ఆడ ట్రైనర్, అది కుదరకపోతే చెప్పుకోవడానికి ఒక ఆడమనిషి ఉండాలి. నేను ఇప్పుడు వెళ్లే చోట ఊడ్చే ఆయమ్మే నాకు చెప్పింది, తొడలకు వాజిలైన్ రాసి లోపల మోకాళ్ల దాకా బిగుతు ప్యాంటు వేసుకోమని. ఆ సలహాతో నా నడక పది నిమిషాల నుంచి ఇరవై నిమిషాలకు పెరిగింది.

6. మనిషి అడగకుండా ఫోటో, వీడియో తీయొద్దు. వేరేవాళ్లని తీయనివ్వొద్దు. "ముందు, తర్వాత" బొమ్మలు మీ వ్యాపారానికి పనికొస్తాయని తెలుసు. ఆ "ముందు" బొమ్మలో ఉన్నది ఒక మనిషి.

7. మొదటి నెలలో ప్రొటీన్ పొడులు, కొవ్వు కరిగించే మాత్రలు అమ్మొద్దు. లేబులు మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు లేని డబ్బా అసలు అమ్మొద్దు. క్వినోవా, బ్రోకలీ అని జిరాక్సు డైట్ చార్టులు ఇవ్వొద్దు. షుగరు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు తిండి సంగతి డాక్టరు చెప్పాలి. నాకు మా డాక్టరుగారు చెప్పింది మా వంటింట్లోనే కుదిరింది: అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, కూర, చేప ముక్క పెంచుకోమన్నారు.

8. ప్రతి షిఫ్టులో గుండె నొక్కే ప్రథమచికిత్స, అంటే సీపీఆర్, నేర్చుకున్నవాళ్లు ఒకరుండాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని గోడ మీద బొమ్మతో సహా పెట్టండి. 108 వచ్చేదాకా ఆ నిమిషాలు మీ చేతుల్లోనే ఉంటాయి. మీలో చాలామంది మూడో అంతస్తులో ఉన్నారు, స్ట్రెచర్ దిగే దారి ఉందో లేదో కూడా చూసుకోండి.

9. ఫీజు నెలకు తీసుకోండి, లేదా మొదటి నెల చూశాక సంవత్సరానికి తీసుకోండి. డాక్టరు చీటీ తెచ్చినవాళ్లకు ఆపుకునే వీలివ్వండి.

నగరపాలక సంస్థల అధికారులకు కూడా ఒక విన్నపం. పార్కుల్లో ఓపెన్ జిమ్ పరికరాల పక్కన చేతులు ఆనించుకునే కమ్మీలు, కూర్చుని లేవడానికి తగిన ఎత్తులో నాలుగు బెంచీలు వేయించండి. ఎండాకాలం తెల్లవారుజామున అయిదింటికే గేట్లు తీయించండి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు, ఏడు దాటితే మాలాంటి ఒళ్లు ఆ వేడికి తట్టుకోదు. డాక్టర్లకు నాది ఒకటే మనవి. "బరువు తగ్గండి, వ్యాయామం చేయండి" అని చీటీ మీద రాసేటప్పుడు ఎన్ని నిమిషాలతో మొదలుపెట్టాలో, ఏది చేయకూడదో కూడా ఇంకో రెండు లైన్లు రాయండి. ఆ చీటీ ట్రైనర్ చేతికి వెళుతుంది.

నన్ను తూచిన జిమ్ యాజమాన్యానికి: మిగిలిన పదకొండు నెలల ఫీజు లెక్కగట్టి వాపసు ఇవ్వమని, లేదా నా ఉత్తరాలకు కారణంతో సహా జవాబు రాయమని ఇప్పుడు అడుగుతున్నాను. ఈ రోజు నుంచి ముప్పై రోజులు చూస్తాను. తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. అయిదు లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు కూడా లేదు. రసీదు, రక్తపరీక్ష కాగితాలు, స్పీడ్ పోస్టు రుజువు ఒకే ఫైలులో పెట్టి ఉంచాను.

మిగతా యజమానులారా, ట్రైనర్లారా, మీతో నాకు తగాదా లేదు. పై తొమ్మిదింటిలో మొదటి మూడు పాటిస్తామని మీ కౌంటరు దగ్గర రాసిపెట్టండి చాలు. మా మిల్లులో ఇద్దరు ఆడవాళ్లు చేరడానికి సిద్ధంగా ఉన్నారు, నా సంగతి చూశాక భయపడి ఆగారు. అలాంటి జిమ్ కనపడిన రోజు నేనే వెంటబెట్టుకుని తీసుకొస్తాను. వాళ్ల బరువెంతో నేను అడగలేదు.

ఇట్లు,
నెల్లూరులో ఒక రైస్ మిల్లు గుమాస్తా